మొటిమలకు స్కిన్ డాక్టర్ దగ్గర ఏడాది: నా అనుభవం

నాకు ఇరవై ఆరేళ్లు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. కాలేజీ రోజుల్లో మొటిమలు వచ్చాయి, పోయాయి. అందరికీ వచ్చేవే కదా అనుకున్నాను. 2024 వేసవిలో వచ్చినవి మాత్రం వేరు. దవడ పొడుగునా, గడ్డం కింద, చర్మం లోపల గట్టిగా గడ్డల్లా లేచేవి. చెయ్యి తగిలితే సలుపు. చెంప దిండుకు ఆనించి పడుకునే వీలు లేదు. ఒకటి అణిగి నల్లమచ్చ పడేలోపు పక్కనే ఇంకో రెండు తయారు.

ఇంట్లో తీర్పు ఒక్కటే: ఒంట్లో వేడి చేసింది. మామిడిపళ్లు బంద్, వేరుశనగ పచ్చడి బంద్, నెయ్యి బంద్. పొద్దున్న సబ్జా నీళ్లు, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ, సాయంత్రం మొహానికి శనగపిండీ పసుపూ. మే నెలంతా ఈ పథ్యం చేశాక మిగిలింది పసుపు పట్టిన తువ్వాళ్లే. జూన్‌లో స్కూలు తెరిచిన వారంలోనే ఆరో తరగతి పిల్ల ఒకతి నోట్‌బుక్ దిద్దించుకుంటూ, "టీచర్, మీకు దోమలు బాగా కుట్టాయా?" అని అడిగింది. పాపం, నిజంగా జాలిపడే అడిగింది. ఆ సాయంత్రమే విజయవాడ సూర్యారావుపేటలో ఒక స్కిన్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేశాను. శనివారాలు నిండిపోయాయట, పది రోజుల తర్వాతి తేదీ ఇచ్చారు. "ఇప్పటిదాకా మొహానికి ఏమేం రాశారో అన్నీ తీసుకురండి" అని ఫోన్ ఎత్తిన అమ్మాయి అప్పుడే చెప్పింది. ఇది మంచి సలహా. మీరూ తీసుకెళ్లండి, ఖాళీ ట్యూబులైనా సరే.

పదిన్నరకి రమ్మంటే పదింపావుకే వెళ్లి కూర్చున్నాం, అమ్మా నేనూ. లోపలికి పిలిచేసరికి ఒంటిగంట దాటింది. ఆ హాల్లో సగం మంది ఆడపిల్లలు చున్నీ మొహానికి చుట్టుకునే కూర్చున్నారు, ఫ్యాన్ కిందైనా సరే తియ్యలేదు. నేనూ తియ్యలేదు. మగపిల్లలు ఫోన్లలోంచి తల ఎత్తలేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడని వెయిటింగ్ హాలు నేను అదే చూడటం.

డాక్టర్ గారు యాభై దాటిన ఆవిడ. లైటు దగ్గరకి లాగి దవడ కింద వేలితో నొక్కి చూశారు. నెలసరి టైముకి వస్తుందా, పై పెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా, తలకి నూనె పెట్టుకుని పడుకుంటావా, వేరే మాత్రలేమైనా వాడుతున్నావా అని వరసగా అడిగారు. నెలసరి కొన్నిసార్లు నలభై రోజులకి వస్తుందని చెప్పాను. తర్వాత మేం తెచ్చిన ట్యూబుల కవర్ బల్ల మీద బోర్లించారు. ఒక్కో ట్యూబూ తీసి "ఇది దండగ, ఇది నీకు అక్కర్లేదు, ఇది పర్లేదు" అంటూ పక్కన పెడుతూ ఒకదాని దగ్గర ఆగారు. మా వీధి చివర మందుల షాపులో "రెండు రోజుల్లో తగ్గిపోద్ది" అని ఇచ్చింది అది. దాని మీది సన్నటి అక్షరాలు నాకే చూపించి చదవమన్నారు. బెటామెథసోన్. "ఇది స్టెరాయిడమ్మా. రాసిన వారం మొహం తెల్లగా మెరుస్తుంది. మానేయగానే రెట్టింపు లేస్తాయి, చర్మం పలచబడుతుంది. 2018 నుంచి ఇలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదని రూలుంది. అమ్ముతూనే ఉన్నారు" అని దాన్ని చెత్తబుట్టలో వేశారు. నూట నలభై రూపాయల ట్యూబు. అమ్మ చెత్తబుట్ట వైపే చూస్తూ కూర్చుంది.

లోపల గడిపింది ఐదారు నిమిషాలు. రాసిచ్చినవి: రాత్రికి అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 ఎం.జి. మాత్ర రోజుకొకటి; నురగ తక్కువగా వచ్చే ఫేస్‌వాష్; మాయిశ్చరైజర్; సన్‌స్క్రీన్. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య) ఉందేమో చూడటానికి కడుపు స్కానింగ్. మూడు నెలలు వాడితేగానీ పనిచేస్తోందో లేదో తెలీదని, మధ్యలో ఆపొద్దని గట్టిగా చెప్పారు. నూనె వస్తువులు మానాలా అని అమ్మ అడిగితే, "మీ అమ్మాయి తినే నూనె మొహం మీదికి రాదండీ. తలకి పెట్టే నూనె వస్తుంది. తీపీ, స్వీట్లూ, కూల్‌డ్రింకులూ తగ్గించండి చాలు" అన్నారు. అమ్మకి ఈ సమాధానం ఇప్పటికీ నచ్చలేదు.

ఫీజు ఐదు వందలు. చీటీ వెనక "పదిహేను రోజులు చెల్లును" అని ఉంది. రివ్యూకి రమ్మన్నది ఆరు వారాల తర్వాత. ఏడాదంతా ఈ లెక్క ఇలాగే నడిచింది, ఒక్కసారి కూడా ఉచిత రివ్యూ నాకు అందలేదు.

స్కానింగ్ గురించి ఒక మాట. పెళ్లికాని వాళ్లకి పొట్ట మీంచే చేస్తారు, మూత్రాశయం నిండుగా ఉండాలి. లీటరు నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. నా వంతు వచ్చేసరికి ఒక ఎమర్జెన్సీ కేసు వచ్చి నలభై నిమిషాలు లేటు. ఆ నలభై నిమిషాల గురించి ఇంతకన్నా రాయను. రిపోర్టులో పీసీఓడీ లేదు. పన్నెండు వందలు.

జెల్ బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత రోజూ. ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక జెల్ రాస్తే మంట తక్కువ అని కింద మందుల షాపులో ఉన్న అక్క చెప్పింది. ఆ మాటే నన్ను కాపాడింది. అయినా రెండో వారానికి ముక్కు పక్కలా, పెదవుల మూలలా చర్మం పొట్టు రాలడం మొదలైంది. మొహం కడుక్కుంటే చురచుర. నా మెరూన్ రంగు దిండు గలీబు మీద తెల్లటి మరకలు పడ్డాయి. సర్ఫ్‌లో నానబెట్టినా పోలేదు. అది మరక కాదట, బెంజాయిల్ పెరాక్సైడ్ బట్ట రంగునే తినేస్తుందట. నేవీ బ్లూ చుడీదార్ మెడ కూడా అలాగే పోయింది. ఈ జెల్ వాడేవాళ్లు ముందే తెల్ల గలీబులు, తెల్ల తువ్వాలు తీసి పెట్టుకోండి.

నాలుగో వారం నుంచి మొటిమలు ఎక్కువయ్యాయి. అంతకుముందు లేని నుదుటి మీద కూడా చిన్న చిన్నవి లేచాయి. లోపల ఉన్నవన్నీ ఒక్కసారిగా పైకి వస్తాయని డాక్టర్ గారు అన్నారుగానీ, ఒక వాక్యంలో విన్నదానికీ అద్దంలో చూసినదానికీ చాలా తేడా. ఆదివారం ఇంటికి వచ్చిన పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, "డబ్బులిచ్చి మరీ పెంచుకుంటున్నావేంటే" అంది. అమ్మ ఆ రాత్రి జెల్ తీసి బీరువాలో దాచింది. తెచ్చుకుని రాసుకున్నాను. ఏడుస్తూ రాసుకున్నాను, కన్నీళ్లు తగిలి ఇంకా మండింది.

ఆ రోజుల్లో చేసిన ఒక పని మాత్రం బాగా పనికొచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం, ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకి ఫోటో తీసుకున్నాను. ఎదురుగా ఒకటి, రెండు దవడలూ రెండు. రోజూ అద్దంలో చూస్తే ఏ తేడా కనపడదు, లేదా లేని తేడాలు కనపడతాయి. డాక్టర్ గారు కూడా రివ్యూలో నా మాటలకన్నా ఆ ఫోటోలనే ఎక్కువ నమ్మారు.

డాక్సీసైక్లిన్ సంగతి వేరు. చీటీలో "రాత్రి భోజనం తర్వాత" అని మాత్రమే ఉంది. ఒక రాత్రి రెండు గుక్కల నీళ్లతో మింగి వెంటనే పడుకున్నాను. తెల్లారేసరికి గుండె మధ్యలో ఏదో అడ్డం పడినట్టు, మంచినీళ్లు దిగినా నొప్పి. గుండెజబ్బేమోనని టెన్షన్. ఈ మాత్ర గొంతుగొట్టంలో ఆగితే అక్కడ పుండు పడుతుందట. నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. తగ్గడానికి నాలుగైదు రోజులు పట్టింది, ఆ రోజులు గంజీ పెరుగన్నమే. రెండోది, ఈ మాత్ర వేసుకునేవాళ్లకి ఎండ పడదు. ఆగస్టు 15 పరేడ్ రిహార్సల్స్‌కి పిల్లలతో గ్రౌండ్‌లో గంటసేపు నిలబడితే చెంపలు, ముక్కు కందగడ్డలా ఎర్రబడి రెండు రోజులు మండాయి. సన్‌స్క్రీన్ పొద్దున ఏడింటికి రాస్తే పదకొండింటిదాకా పనిచెయ్యదని అప్పుడే తెలిసింది. తర్వాత నుంచి ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ రాసేదాన్ని. తెల్లగా పూత తేలేది. "టీచర్ పౌడరు" అని వెనక బెంచీలో నవ్వులు.

సెప్టెంబర్ మూడో వారం రివ్యూ. పైపైన ఉన్న చిన్నవి బాగా తగ్గాయి, నుదురు శుభ్రపడింది. దవడ మీది లోతు గడ్డలు మాత్రం కదల్లేదు, రెండు చోట్ల గుంటలు పడటం మొదలైంది. డాక్టర్ గారు ఫోటోలు చూసి, గుంటలు పడుతున్నప్పుడు ఇంకా ఆగకూడదని, మొండి మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రల మాట ఎత్తారు. అప్పుడు జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే పెళ్లీడు ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది వస్తుంది.

"సంబంధాలు చూస్తున్నారా?" అని అమ్మని అడిగారు. చూస్తున్నాం అంది అమ్మ, ఈ మందుకీ దానికీ ఏంటి సంబంధం అన్నట్టు. "ఈ మాత్ర వేసుకుంటుండగా గర్భం వస్తే బిడ్డకి పెద్ద లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకని మొదలుపెట్టే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేస్తాం, కాగితం మీద సంతకం తీసుకుంటాం." అమ్మ మొహం మాడిపోయింది. "మా అమ్మాయికి పెళ్లే కాలేదండీ." "తెలుసండీ. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలందరికీ ఇదే రాస్తాను, కలెక్టర్ గారి అమ్మాయైనా." "మరి మధ్యలో పెళ్లి కుదిరితే?" "కుదరనివ్వండి, చేసెయ్యండి. పెళ్లికి అడ్డు లేదు, కడుపు రాకూడదు. మందు ఆపాక ఒక నెల దాటాలి, ఆ తర్వాత ఏ భయమూ లేదు. ఇది పిల్లలు పుట్టకుండా చేసే మందు కాదు."

ఆ చివరి మాట కోసం ఆవిడకి దణ్ణం పెట్టాలి. ఎందుకంటే ఇంటికి వచ్చాక పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే.

డాక్సీసైక్లిన్ ఆపేయమన్నారు. ఈ రెండూ కలిపి వేసుకుంటే తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉందట, ఒకటి మానాకే రెండోది. విటమిన్ ఏ ఉన్న బలం మాత్రలు కూడా వద్దన్నారు. పరగడుపున లివర్, కొలెస్ట్రాల్ పరీక్షలు, ప్రెగ్నెన్సీ టెస్టుతో కలిపి పద్నాలుగు వందలు. ల్యాబ్‌లో చీటీ చూసిన కుర్రాడు ప్రెగ్నెన్సీ టెస్టు పేరు హాలంతా వినపడేలా చదివాడు. నేను తలెత్తి "అవును, అదే" అన్నాను. అమ్మ మాత్రం తెనాలి బస్సు ఎక్కేదాకా మాట్లాడలేదు.

అక్టోబర్ మొదట్లో మొదలుపెట్టాను. 20 ఎం.జి. రోజుకొకటి, నా బరువు 52 కిలోలు. డోసు తక్కువే కాబట్టి ఎక్కువ నెలలు పడుతుందన్నారు. ఇక్కడ నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం: ఈ మందు కొవ్వు ఉన్న భోజనంతోనే సరిగ్గా ఒంటికి పడుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే చాలావరకు వృథా. "మధ్యాహ్నం అన్నంలో నెయ్యి వేసుకుంటావా?" అని డాక్టర్ గారు అడిగితే, మే నెల నుంచి నెయ్యి మొహం చూడని నేను అమ్మ వైపు చూశాను. ఆ రోజు నుంచి ముద్దపప్పు, నెయ్యి, తర్వాత మాత్ర.

మొదటి నెలలో మళ్లీ కొంచెం ఎక్కువయ్యాయి. ఈసారి భయపడలేదు, ఇంట్లోవాళ్లు భయపడ్డారు. పెదవులు పదిరోజులకే పగిలిపోయాయి. మామూలు ఎండడం కాదు, నవ్వితే చీలి రక్తం వస్తుంది. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే ప్రాణం పోయినంత పని. లిప్‌బామ్‌లు రెండు మూడు మార్చి, చివరికి పదుల రూపాయల్లో దొరికే పెట్రోలియం జెల్లీ దగ్గర స్థిరపడ్డాను. బ్యాగులో ఒకటి, స్టాఫ్‌రూమ్ డ్రాయర్‌లో ఒకటి, దిండు పక్కన ఒకటి. డిసెంబర్ చలికి ముక్కులోంచి రక్తం వచ్చింది, పదో తరగతిలో బోర్డు మీద త్రికోణమితి రాస్తుండగా. పిల్లలు హడలిపోయారు. ముక్కు లోపల కూడా జెల్లీ రాసుకోవచ్చని తర్వాత తెలిసింది. కళ్లు ఇసుక పడ్డట్టు ఉండేవి, చుక్కల మందు రాశారు. స్పోర్ట్స్ డే తర్వాత నడుం, పిక్కలు వారం పాటు పట్టేశాయి. ప్రతి రివ్యూలోనూ "నిద్ర పడుతోందా? మనసు దిగులుగా ఉంటోందా?" అని అడిగేవారు. కొంతమందికి ఈ మందుతో ఆ ఇబ్బంది రావచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లని కూడా గమనించమన్నారు. నాకు రాలేదు. తల జుట్టు జిడ్డు పోవడం మాత్రం హాయిగా ఉండేది, నాలుగు రోజులకి తలస్నానం చేసినా సరిపోయేది.

జనవరి రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) 110 నుంచి 190కి వెళ్లాయి. సంక్రాంతి అరిసెలు, జంతికల పాత్ర కొంత ఉండొచ్చు. స్వీట్లు తగ్గించి నెల తర్వాత మళ్లీ చేయించమన్నారు, దిగాయి. నెయ్యి మానమని మాత్రం అనలేదు, దేవుడు చల్లగా చూశాడు.

మాఘమాసం రాగానే మా పిన్ని కూతురి పెళ్లి. పార్లర్ అమ్మాయి నాకు కూడా ఫేషియల్, వ్యాక్సింగ్ చేస్తానని పట్టుపట్టింది. ఈ మందు వాడుతుండగా వ్యాక్సింగ్ చేస్తే వెంట్రుకతో పాటు చర్మం కూడా ఊడి రావచ్చు. ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి, "అక్కా, నా చేతిలో అలా జరగదు" అంది. వద్దన్నాను. ఫేషియల్, బ్లీచ్ కూడా వద్దన్నాను. ఆ నెలలోనే నాకు పెళ్లిచూపులు. మొహం అప్పటికి మూడొంతులు శుభ్రపడింది, పెదవులే ఘోరం. అబ్బాయి మేనత్త, "లిప్‌స్టిక్ వేసుకోవా అమ్మా?" అని అడిగింది. వేసుకుంటే పొట్టు మీద అతుక్కుని ఇంకా అసహ్యంగా ఉంటుందని ఆవిడకి ఏం చెబుతాం, నవ్వాను. నవ్వితే చీలింది. ఆ సంబంధం జాతకాలు కుదరక పోయింది, మొహం వల్ల కాదు. అమ్మకి ఆ తేడా పెద్ద ఊరట.

ఫిబ్రవరి తర్వాత కొత్త గడ్డ రాలేదు. నెలసరికి ముందు ఒకటీ అరా చిన్నది లేచి మూడు రోజుల్లో పోయేది. స్కూల్‌కి రక్తదాన శిబిరం వచ్చినప్పుడు నేను ఇవ్వకూడదని చెప్పాల్సి వచ్చింది. ఆ రక్తం గర్భిణికి ఎక్కితే ప్రమాదం కాబట్టి మందు వాడుతున్నప్పుడూ, ఆపాక నెల దాకా దానం చెయ్యకూడదు. స్ట్రిప్ మీద ఉన్న గర్భిణుల హెచ్చరిక చదివి మా స్టాఫ్‌లో ఒకావిడ నా గురించి ఏదో ఊహించుకుందని తర్వాత విన్నాను. మాత్రలు దాచుకుని తినండి అనను, కానీ స్టాఫ్‌రూమ్‌లో డబ్బా పక్కన పెట్టుకుని తినకండి.

2025 జూన్‌లో ఆపారు. మొత్తం ఖర్చు పాతిక వేల దాకా అయింది. చిత్రమేమిటంటే అసలు మందులకి అయింది అందులో మూడో వంతు కూడా లేదు. పరీక్షలూ ఫీజులూ ఒక ఎత్తు, సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ ఒక ఎత్తు. యాభై గ్రాముల సన్‌స్క్రీన్ ఐదారు వందలు, సరిగ్గా రాస్తే నెలన్నర కూడా రాదు. మొదట్లో ఆదా చేద్దామని పల్చగా రాసేదాన్ని, అలా రాస్తే రాయనట్టేనని డాక్టర్ గారు వేళ్ల మీద పోసి చూపించారు: చూపుడు వేలూ మధ్య వేలూ పొడుగునా రెండు గీతలు, మొహానికీ మెడకీ.

ఇప్పుడు రోజు విడిచి రోజు రాత్రి ఒట్టి అడాపలీన్ మాత్రం రాస్తున్నాను, తిరగబెట్టకుండా. మందు ఆపాక కొందరికి మళ్లీ వస్తాయని, వస్తే ఇంకో కోర్సు వెయ్యొచ్చని ముందే చెప్పారు. నల్లమచ్చలు వాటంతటవే పల్చబడుతున్నాయి, నెలనెలా ఫోటోల్లో తెలుస్తోంది. గుంటలు మాత్రం క్రీములకి పోవు. ఎడమ దవడ మీద నాలుగున్నాయి. వాటికి మైక్రోనీడ్లింగ్ చెయ్యొచ్చని, మందు ఆపి ఆరు నెలలు గడిచాక డిసెంబర్‌లో రమ్మన్నారు. ఒక్కో సిట్టింగ్ నాలుగు వేలట, కనీసం నాలుగు సిట్టింగులట. పెద్దమ్మ అప్పుడే మొదలుపెట్టింది: సూదులతో పొడిపించుకుంటావా అని. డబ్బు సర్దుబాటైతే పొడిపించుకుంటాను.